ఆదివారం పేజీలో లేని గోల్‌కీపర్

జర్మనీలో ఉంటున్న మన పిల్లలు పండక్కో పుట్టినరోజుకో కలిసినప్పుడు అడుగుతుంటారు, "అంకుల్, మీరు ఏ కంపెనీలో రిటైరయ్యారు?" అని. అడిగేవాళ్ళలో చాలామంది డ్రెస్డెన్‌లో చిప్పుల ఫ్యాక్టరీల్లోనో, లైప్‌జిగ్‌లో కంప్యూటర్ల ముందో పనిచేసేవాళ్ళు. "ఐసు చేశాను నాయనా, బతుకంతా ఐసే చేశాను" అంటాను. వేళాకోళం అనుకుని నవ్వుతారు. వాళ్ళ కోసమే ఈ సంగతి రాస్తున్నాను.

కాకినాడలో చేపల రేవు పక్కన ఒక ఐసు ఫ్యాక్టరీలో పంతొమ్మిదో ఏట హెల్పరుగా చేరాను. అక్కడి నుంచి ఓడల్లో ఫ్రీజర్ మెకానిక్‌ని, ఓడ దిగి హాంబర్గ్ రేవులో కోల్డ్ స్టోరేజీ మనిషిని. చివరికి డ్రెస్డెన్‌కు రైల్లో అరగంట దూరాన ఉన్న చిన్న ఊళ్ళో ఐస్ హాకీ స్టేడియానికి మెషీన్ ఆపరేటర్‌గా వచ్చిపడ్డాను. పైన ఆట, కింద నేను. అమ్మోనియా గ్యాసును యంత్రం తిప్పుతూ ఉంటే నేలలోని గొట్టాలు చల్లబడతాయి, పైన చల్లిన నీళ్ళు గడ్డకడతాయి. చేపల కోసం చేసినా ఆట కోసం చేసినా ఐసు ఐసే. ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు కూడా నేను స్కేట్స్ కట్టలేదు. వంటవాడు ఉపవాసం ఉన్నట్టుందని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ స్టేడియం గుమ్మంలో ఒక పాత ఇత్తడి పలక ఉండేది. క్లబ్బు పుట్టిన దగ్గర్నుంచి గోల్‌కీపర్లుగా నిలబడినవాళ్ళ పేర్లు దాని మీద వరసగా చెక్కారు. పై నుంచి రెండో పేరు ఉండాల్సిన చోట మాత్రం ఎవరో ఆకురాయితో రాచేశారు. రోజూ దాని పక్కనుంచే పనిలోకి వెళ్ళేవాణ్ణి. ఏదో పాత గొడవ అనుకున్నానే తప్ప ఎవరినీ అడగలేదు.

కరోనా వచ్చింది. మొదటి శీతాకాలానికే స్టేడియం మూసేశారు. సగం జీతానికి సగం పని, దానికి ఇక్కడ కుర్జ్‌ఆర్బైట్ అని గౌరవంగా ఒక పేరు. మంచు కరిగించేశాం. వట్టి సిమెంటు నేల మీద నా అడుగుల చప్పుడు నాకే వినిపిస్తూ ఉండేది. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. మళ్ళీ మంచు చేయకుండానే ఇంటికి పోతానేమోనని దిగులు పట్టుకుంది.

మా పై వాటాలో ఒక వరంగల్ అమ్మాయి అద్దెకుండేది. డ్రెస్డెన్‌లో మాస్టర్స్ చదువుతూ, అక్కడి మీటె, అంటే ఇంటి అద్దె, భరించలేక మా ఊళ్ళో దిగింది. వారానికి మూడు రోజులు ఇక్కడి వృద్ధాశ్రమంలో పనిచేసేది. ఒకరోజు పొద్దున మెట్ల మీద, నాలుగు మెట్లు ఎడం పాటిస్తూ నన్ను ఆపింది.

"అంకుల్, మీ స్టేడియంల ఇత్తడి బోర్డు ఉన్నదా?"

"ఉంది. ఏం?"

"దాంట్ల ఒక పేరు గీకేసిండ్రంట గదా. మా దగ్గర ఒక ఓమా, అదే అవ్వ, ఉన్నది, తొంభై రెండేండ్లు. ఆ పేరు వాళ్ళ నాయినదంట. పొయ్యేలోపు సంగతేందో తెల్వాలె అంటున్నది. మా ఇంట్ల అంకుల్ అక్కడనే పని చేస్తడు, కనుక్కుంటడు అని నోరు జారిన."

"నోరు జారితే జారావులే. మాటైతే ఇవ్వలేదు కదా?"

"ఇచ్చిన అంకుల్," అంది తల వంచుకుని.

లోపలికి ఎవరినీ రానివ్వని రోజులు. అందుకని ఆ పెద్దావిడ కింది అంతస్తు కిటికీ అద్దానికి అవతల కుర్చీలో కూర్చుంది. నేను ఇవతల తోటలో తడి గడ్డి మీద నిలబడ్డాను. ఇద్దరం ఫోన్లలో మాట్లాడుకున్నాం. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. నలభై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిందట, మాట కూడా లెక్క చెప్పినట్టే ఉంది.

"మా నాన్న ఈ ఊరి బీరు ఫ్యాక్టరీలో యంత్రం నడిపేవాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే ఇక్కడ మంచు హాలు ఉండేది, తెలుసా? బీరు చల్లబరిచే యంత్రమే ఆ హాలుకూ మంచు చేసేది. పని అయ్యాక ఆడేవాడు. గోల్‌కీపర్. మోకాళ్ళకు ఉన్నిగుడ్డా అట్టముక్కలూ చుట్టుకునేవాడు. అప్పట్లో గోల్‌కీపర్ కింద పడి బంతిలా వాడే రబ్బరు బిళ్ళను ఆపకూడదు, నిలబడే ఆపాలి. వరసగా ఆరు మ్యాచ్‌ల్లో ఒక్క గోలూ ఇవ్వలేదు. డ్రెస్డెన్ నుంచి, బెర్లిన్ నుంచి మనుషులు చూడటానికొచ్చేవాళ్ళు."

యుద్ధానికి వెళ్ళి ఎడమ కాలి రెండు వేళ్ళు మంచుకు పోగొట్టుకుని తిరిగొచ్చాడట. బూటులో గుడ్డలు కుక్కుకుని మళ్ళీ నిలబడ్డాడు. ఇంతలో అప్పటి మహమ్మారి, ఆ పెద్ద ఫ్లూ, జట్టులో ముగ్గురిని తీసుకుపోయింది. అది తగ్గిందనుకున్నాక ఒక ఆదివారం సాయంత్రం హాలు నిండా జనంతో మొదటి పెద్ద మ్యాచ్ జరిగింది. మొదటి సగం అయ్యేసరికి మా ఊరిదే పైచేయి. విరామంలో బయటికి వెళ్ళిన గోల్‌కీపర్ రెండో సగానికి తిరిగి రాలేదు. గోలులో ఎవరినో నిలబెట్టారు, అయిదు గోల్స్ పడ్డాయి. జనంలో దగ్గులు విని, ఫ్లూకు భయపడి పారిపోయాడన్నారు. పేరు రాచేశారు. ఆయన మళ్ళీ కర్ర పట్టలేదు.

"మీకేమీ చెప్పలేదా?" అని అడిగాను.

"ఒక్క ముక్క చెప్పలేదు. శీతాకాలం ఆదివారాల్లో నన్ను హాలు దాకా తీసుకెళ్ళేవాడు. లోపలికి వెళ్ళేవాడు కాదు, గోడ పక్కన నిలబడి స్కేట్ల చప్పుడు వినేవాడు. 'ఇవాళ మంచు బాగుంది' అనేవాడు. ఇంటికొచ్చేసేవాళ్ళం. బళ్ళో నన్ను పారిపోయినవాడి కూతురనేవాళ్ళు." ఆవిడ అద్దానికి కొంచెం దగ్గరగా వంగింది. "క్లబ్బు చరిత్ర పుస్తకం వేస్తున్నారట. అందులో కూడా అదే మాట అచ్చవుతుంది. అది నిజమైతే అవనివ్వండి. నిజం కాకపోతే అచ్చుకు ముందే తెలియాలి. ఆ తర్వాత నాకు టైం ఉంటుందని నేను లెక్క వేసుకోవడం లేదు."

ఆ పుస్తకం రాస్తున్నాయన రిటైరైన చరిత్ర మాస్టారు. మనిషి మంచివాడే, కాగితంలో ఉన్నదే సత్యం అనుకునే రకం. క్లబ్బు పాత మినిట్స్ తెచ్చి చూపించాడు. "రోగభయంతో స్థానం విడిచి పారిపోయాడు" అని రాసి, కింద అధ్యక్షుడి సంతకం, గుర్రపు తోకలా ఇంత పొడుగున. అధ్యక్షుడంటే ఆ బీరు ఫ్యాక్టరీ యజమానే.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. బీరు ఫ్యాక్టరీ, పక్కనున్న మంచు హాలూ ఎప్పుడో మూతపడ్డాయి, ఆ స్థలంలోనే మా స్టేడియం కట్టారు. ఫ్యాక్టరీ యంత్రం తాలూకు పాత రిజిస్టర్లు మా మెషీన్ రూం బీరువాలో అడుగునే ఉన్నాయి. యంత్రం ఉన్నచోట గంటగంటకూ గ్యాసు ఒత్తిడి, గొట్టాల్లో తిరిగే ఉప్పునీటి చలి, బయటి గాలి చలి రాసి సంతకం పెట్టాలి. కాకినాడైనా జర్మనీయైనా అదే పద్ధతి. ఆ సాయంత్రం ఆయన పనిలోకి వెళ్ళాడేమో చూస్తే సరి.

మాస్టారూ నేనూ కిటికీలన్నీ తెరిచి, మాస్కులు బిగించి, బల్లకు చెరో కొసన కూర్చున్నాం. పాత చేతిరాత ఆయన చదివాడు, అంకెలు నేను చదివాను. మ్యాచ్ జరిగిన ఆదివారం పేజీ దొరికింది. ఆరు, ఏడు, ఎనిమిది అంటూ మొదలై, పన్నెండు దాటి, మళ్ళీ ఆరు వచ్చి, అయిదుతో ముగిసింది. రెండోసారి వచ్చిన ఏడు, ఎనిమిది, తొమ్మిది సాయంత్రానివి కదా. వాటి పక్కన వేరే పనివాడి సంతకాలున్నాయి. వ్యాఖ్య గడిలో "విశేషం లేదు" అని ఉంది. మన గోల్‌కీపర్ సంతకం ఆ పేజీలోనే లేదు.

"చూశారుగా," అన్నాడు మాస్టారు. ఆయన గొంతులో సంతోషమేమీ లేదు.

అక్కడ ఊరుకుని ఇంకో రెండు రోజులు ఆలోచించి ఉండాల్సింది. నాకు తొందర ఎక్కువ. ఆ మధ్యాహ్నమే కిటికీ దగ్గరికెళ్ళి, ఆయన ఆ సాయంత్రం పనిలో లేరండీ అని చెప్పేశాను. "మంచిది. మీరు శ్రమపడ్డారు," అని ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత వారం రోజులు సరిగా తినడం లేదని వరంగల్ అమ్మాయి చెప్పింది. నన్నేమీ అనలేదు గానీ, మెట్ల మీద కనిపిస్తే "అంకుల్" అని పిలవడం మానేసింది.

ఆ వారం నాకు అన్నం సయించలేదంటే అతిశయోక్తి కాదు. ఆదివారం పొద్దున మనసు మళ్ళించుకుందామని కాకినాడ ఫోను చేశాను. నాతోపాటు హెల్పరుగా చేరినవాడు ఇప్పుడు అదే ఐసు ఫ్యాక్టరీకి పెద్ద మేస్త్రి.

"ఏరా, ప్లాంటు నడుత్తుందా?"

"ఎక్కడ్రా బాబూ. కరోనాకని ఆదివారాలు రేవు మూసేమన్నారు గదా. శనివారం సాయంత్రం ఆరింటికి ప్లాంటు ఆపేసి, ఆదివారం సాయంత్రం ఆరింటికి మళ్ళీ తిప్పుతన్నాం. ఆదివారం పేజీ పేజీ ఖాళీ. ఓనరుగారు ఆ ఖాళీ పేజీ చూసుకుని ఏడుత్తన్నారు."

"ఆదివారం సాయంత్రం తిప్పితే ఆదివారం పేజీ ఖాళీ ఎందుకు..." అని అడగబోయి ఆగిపోయాను.

ముప్పై ఏళ్ళు మర్చిపోయిన సంగతి. మా ఐసు ఫ్యాక్టరీలో రోజు సాయంత్రం ఆరింటికి పుట్టేది. రాత్రంతా గడ్డకట్టే దిమ్మలు తెల్లారి రేవుకు పోతాయి. కాబట్టి సాయంత్రం ఆరు దాటితే అది రేపటి ఐసు, రిజిస్టర్లో రేపటి తేదీ. బీరు ఫ్యాక్టరీ వాళ్ళకు మాత్రం తెల్లారి బీరు మోసే బళ్ళకు ఐసు దిమ్మలు అక్కర్లేదా? ఆదివారం పేజీలో మొదటి ఆరు పొద్దుటిదని మాకెవరు చెప్పారు? పుట్టి పెరిగిన చోట నేర్చిన విద్యను పక్కనపెట్టి గోడ గడియారం చూసి తీర్పు చెప్పాను.

చెప్పులతోనే మెషీన్ రూంకి పరుగెత్తాను. తొందరపాటుతో ఒకసారి చెయ్యి కాలింది కాబట్టి ఈసారి పేరు జోలికి పోలేదు. ముందు బయటి గాలి గడి చూశాను. శీతాకాలంలో కూడా మధ్యాహ్నం రెండింటికి కాస్త వెచ్చగా ఉంటుంది, తెల్లారగట్ల చలి ముదురుతుంది. పేజీలో మొదటిసారి వచ్చిన రెండు గంటల దగ్గర చలి కొరికేస్తోంది, రెండోసారి వచ్చిన రెండు గంటల దగ్గర తగ్గింది. పది పేజీలు తిప్పాను, పదింటిలోనూ అంతే. పేజీ సాయంత్రంతోనే మొదలవుతోంది. అంటే ఆదివారం సాయంత్రం ఏడు, ఎనిమిది గంటలు సోమవారం పేజీలో ఉన్నాయి.

ఆ పేజీ నేనొక్కణ్ణే తిప్పకూడదనిపించింది. మాస్టారికి ఫోను చేశాను. ఆదివారం ఫలహారం మధ్యలో లేచొచ్చాడు పాపం. గాలి లెక్క చెబితే పెన్సిలు తీసుకుని తనూ సరిచూశాడు. "నలభై ఏళ్ళు చరిత్ర చెప్పాను. పేజీ ఎప్పుడు మొదలవుతుందో అడగాలని తోచలేదు," అన్నాడు. నాకు మాత్రం తోచిందా ఏమిటి?

సోమవారం పేజీ తిప్పాం. ఆరుకూ ఏడుకూ డ్యూటీ పనివాడి సంతకం. ఎనిమిది నుంచి పది దాకా గోల్‌కీపర్ సంతకం. వ్యాఖ్య గడిలో ఇరికించి రాసిన నాలుగు వాక్యాలు మాస్టారు మెల్లగా చదివాడు. "షాఫ్టు దగ్గర గ్యాసు కారింది. డ్యూటీ మనిషి పడిపోయాడు, బయటికి మోశాను. యంత్రం ఆపి ప్యాకింగ్ మార్చి మళ్ళీ నడిపాను. పైన ఎవరికీ చెప్పలేదు, జనం తొక్కిసలాడతారు." పదింటి దగ్గర ఇంకొక్క వాక్యం: "జనం క్షేమంగా వెళ్ళారు, మంచు గట్టిగా ఉంది."

అమ్మోనియా గది ఎలా ఉంటుందో మీకు తెలియదు, తెలియకుండానే ఉండుగాక. కాకినాడలో ఒక్కసారి, రెండంటే రెండు నిమిషాలు ఉన్నాను. ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్నా కళ్ళల్లో కారం పోసినట్టుంటుంది, ఊపిరి లోపలికి పోదు. ఆయన అందులో నిలబడి, గ్యాసు కారకుండా షాఫ్టు చుట్టూ ప్యాకింగ్ తాడు చుట్టాడు, అదీ కాళ్ళకు అట్టముక్కలతో, మ్యాచ్ చెమటతో. నెత్తిమీద హాలు నిండా జనం, ఫ్లూ నుంచి బతికి బయటపడ్డ జనం, గోల్‌కీపర్ ఏడీ అని తిడుతూ ఉన్నారు. విరామంలో యంత్రం చప్పుడు తేడాగా వినబడి కిందికి దిగుంటాడు. యంత్రం దగ్గర పనిచేసినవాడెవడైనా దిగుతాడు.

మరి ఎందుకు చెప్పుకోలేదు? దానికి జవాబు అదే పేజీ అంచున ఎర్రసిరాతో ఉంది. "ఈ సంగతి బయటికి పొక్కితే హాలు మూతపడుతుంది. చెప్పినవాడికి పని ఉండదు." కింద సంతకం. మాస్టారు దాన్ని చూసి కళ్ళజోడు తీసేశాడు. గుర్రపు తోకలాంటి అదే సంతకం. నిజం తెలిసినవాడే మినిట్స్‌లో పారిపోయాడని రాసి సంతకం పెట్టాడు. ఆ బీరు దొరను ఏమనాలో తెలుగులో నాకు చాలా మాటలు వచ్చుగానీ, ఇక్కడ రాయడం మర్యాద కాదు.

మరునాడు కిటికీ దగ్గరికి మాస్టారూ వచ్చాడు. ముందు నేను క్షమాపణ చెప్పుకున్నాను. తర్వాత ఆయన రిజిస్టరు తెరిచి అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. ఆవిడ తండ్రి చేతిరాత గుర్తుపట్టి, అద్దం మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకుంది. వెనకాల వరంగల్ అమ్మాయి మాస్కు పైన కళ్ళు తుడుచుకుంటోంది. చివరి వాక్యం దాకా వచ్చి ఆవిడ ఫోను ఎత్తింది.

"పైన ఎన్ని గోల్స్ పడ్డాయి?"

"అయిదు," అన్నాడు మాస్టారు.

"కింద?"

మాస్టారు నా వంక చూశాడు. "ఒక్కటీ లేదండీ," అన్నాను.

లెక్కల టీచరు తల పంకించింది. ఆ సాయంత్రం రెండు గిన్నెల సూపు తాగిందట. అమ్మాయి ఇంటికి రాగానే మా తలుపు కొట్టి, "అంకుల్, రెండు గిన్నెలు," అని వేళ్ళు చూపించి పైకి పోయింది.

మిగతా పని అంత తేలిగ్గా జరగలేదు. క్లబ్బు కమిటీ వీడియోలో కూర్చుంది. నూరేళ్ళ నాటి సంగతి ఇప్పుడు తవ్వడమెందుకు, ఆ దొర కుటుంబం ఇంకా ఊళ్ళోనే ఉంది కదా అని ఒకాయన నసిగాడు. మాస్టారు మైకు తెరిచి, ఆ అధ్యాయం మార్చకపోతే పుస్తకం మీద తన పేరు ఉండదని చెప్పాడు. నా వంతు వచ్చినప్పుడు నా గతుకుల జర్మన్‌లో, మంచు మళ్ళీ చేయడానికి ముందు గుమ్మంలో పేరు చెక్కించండి, తర్వాతే నా యంత్రం తిరుగుతుంది అన్నాను. రిటైరయ్యేవాడికి భయమేముంది! ఒక్కరు తప్ప అందరూ చేతులెత్తారు.

రెండో ఏడాది శరదృతువులో స్టేడియం తెరిచారు. గుమ్మంలో టీకా కాగితాలు చూసి పంపిస్తున్నారు. కాగితం చూపించాక ప్రతివాడూ రెండడుగులు వేసి ఇత్తడి పలక దగ్గర ఆగుతున్నాడు. రాచేసిన చోటును అలాగే ఉంచి, దాని మీదే పేరు మళ్ళీ చెక్కించారు. గీతలు కనబడాలని ఆవిడే కోరింది.

వరంగల్ అమ్మాయి చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. ఆవిడ నీలం కోటు వేసుకుంది, పెదవులకు రంగు కూడా పూసుకుంది, మాస్కు ఉంటుందని తెలిసి కూడా. తండ్రి గోడ పక్కనే ఆగిపోయిన చోటు దాటి, తొంభై మూడో ఏట మొదటిసారి మంచు అంచుదాకా వచ్చింది. మ్యాచ్ మొదటి భాగం చూసింది. విరామం అయ్యాక రెండు జట్లూ మంచు మీదికి వచ్చాయి గానీ ఆట మొదలుపెట్టలేదు. మా గోల్‌కీపర్ తన గోలు వదిలి పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆ ఖాళీ గోలు వైపు తిరిగి అందరూ కర్రలు మంచుకేసి కొట్టడం మొదలుపెట్టారు. హాకీవాళ్ళు చప్పట్లు కొట్టరు, గౌరవం చూపించాలంటే కర్రలతో మంచును తట్టుతారు. ఇరవై రెండేళ్ళలో ఆ చప్పుడు కింద నుంచే విన్నాను. ఆరోజు పైన నిలబడి విన్నాను, సిగ్గులేకుండా ఏడ్చాను.

చప్పుడు ఆగాక ఆవిడ చేతితొడుగు తీసింది. ఆటగాడొకడు మంచు చుట్టూ ఉన్న అడ్డుగోడ తలుపు తీశాడు. కుర్చీలోంచి ముందుకు వంగి అరచెయ్యి మంచు మీద ఆనించింది. చాలాసేపు తియ్యలేదు. చెయ్యి ఎర్రబడింది. అమ్మాయి కంగారుపడుతోంది.

"మంచు గట్టిగా ఉంది," అంది నన్ను చూసి. "రాసుకోండి."

సాయంత్రం ఆరు దాటింది. కిందికి దిగి, ఆ పాత పద్ధతిలోనే మర్నాటి తేదీ వేసి, వ్యాఖ్య గడిలో ఆ మాటే రాశాను. సంతకం గడిలో నా పేరు పెట్టలేదు. రిజిస్టరు పైకి తీసుకొచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను. చలికి కొంకర్లుపోయిన వేళ్ళతో, తండ్రి పెట్టినట్టే, ఆవిడ తన ఇంటిపేరు రాసింది.